హైదరాబాద్‌లో ఇంటి ఆవరణలో తంగేడు పెంచాలంటే

ఘట్‌కేసర్ వైపు పొలం గట్టు మీద నుంచి తవ్వి తెచ్చిన తంగేడు మొక్క, రోజూ నీళ్లు పోసినా వారం తిరగకముందే ఎండిపోయిందని, నర్సరీల్లో అడిగితే లేదంటున్నారని, బతుకమ్మకు పూలు ఇంట్లోనే కోసుకోవాలంటే ఏం చేయాలని మీరు అడిగారు. మా ఇంటి ప్రహరీ గోడ పక్కన కొన్నేళ్లుగా తంగేడు పెంచుతున్నాను కాబట్టి ముందుగా ఒక్క మాట చెబుతాను. మొక్కను తవ్వి తెచ్చే ఆలోచన మానుకొని, అది ఎక్కడ పెరగాలో అక్కడే గింజ నాటండి.

తంగేడుకు నీటి ఎద్దడిని తట్టుకునే శక్తి ఆకుల కంటే వేరులోనే ఎక్కువగా ఉంటుంది. మోకాలెత్తు మొక్కకు కూడా తల్లివేరు మొరంలోకి లోతుగా దిగి ఉంటుంది. మనం గడ్డపారతో తవ్వినప్పుడు పైనున్న జానెడు వేరు మాత్రమే చేతికి వస్తుంది, నీటిని పీల్చే సన్నని పిల్లవేర్లు నేలలోనే తెగిపోతాయి. ఆకులేమో ఎప్పటిలాగే నీరు కోరుతూనే ఉంటాయి. ఆ స్థితిలో రోజూ కుండెడు నీళ్లు పోస్తే, పీల్చుకునే వేరు లేక నీరు నిలిచి, ఉన్న వేరు కూడా కుళ్లిపోతుంది. మీ మొక్క విషయంలో జరిగింది ఇదేనని నా అభిప్రాయం.

గింజల కోసం పూల కాలం ముగిశాక చలికాలం చివర్లో వెతకండి. ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఏ దిక్కుకు వెళ్లినా పడావు భూముల్లో, గుట్టల అంచుల్లో తంగేడు పొదలు కనిపిస్తాయి. రైతు పొలమైతే ఒక మాట అడిగి కోసుకోవడం మర్యాద. కాయ కాగితంలా పలుచగా, బల్లపరుపుగా ఉంటుంది, ఎండితే గోధుమ రంగుకు మారి, ఊపితే గింజలు గలగలమంటాయి. రోడ్ల పక్కన నీడ కోసం పెంచే సీమ తంగేడు కాయలను పొరపాటున తెచ్చుకోకండి, అది పెద్ద చెట్టవుతుంది. సందేహం ఉంటే ఆకు తొడిమ మొదట్లో చూడండి. అసలు తంగేడుకు అక్కడ చిన్న చెవి ఆకారంలో గుండ్రటి పచ్చని రేకులు అంటుకొని ఉంటాయి. శాస్త్రీయ నామంలోని ‘ఆరిక్యులేటా’ అనే మాట ఆ చెవుల వల్లనే వచ్చింది.

గింజ పైపొర చాలా గట్టిది. అలాగే నాటితే కొన్ని మొలుస్తాయి, చాలావరకు మట్టిలో ఊరికే పడి ఉంటాయి. తలుపులకు రంగు వేసే ముందు రుద్దే ఉప్పు కాగితం మీద గింజను ఒక పక్క నాలుగుసార్లు గీసి, రాత్రంతా నీటిలో నానబెట్టండి. లేదా మరిగిన నీటిని పొయ్యి మీద నుంచి దించి, కాసేపు ఆగి గింజల మీద పోసి, తెల్లవారే దాకా వదిలేయండి. ఉబ్బిన గింజలు నాటడానికి సిద్ధమైనట్లే, ఉబ్బని వాటిని మరోసారి గీయాలి. మృగశిర కార్తెలో తొలి వానలు పడి నేల తడిశాక, ఒక్కో గుంతలో మూడేసి గింజలు అంగుళంలోపు లోతులో పెట్టి, మొలిచాక బలమైన దాన్ని ఉంచి మిగతావి తీసేయండి.

స్థలం విషయంలో మొహమాటం వద్దు. రోజంతా ఎండ తగిలే చోటు ఉంటేనే తంగేడు పెట్టండి, మామిడి చెట్టు నీడలో పెడితే సన్నగా సాగి, పూయకుండా ఉండిపోతుంది. ఎర్ర చెలక నేల, మొరం, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన రాళ్లు కలిసిన మట్టి, ఇవన్నీ దీనికి సరిపోతాయి. నల్లరేగడి ఉన్నవారు మాత్రం కొంచెం గట్టు పోసి దాని మీద నాటాలి. ఎరువు వేయకపోవడమే మంచిది, యూరియా వేస్తే ఆకు దట్టంగా వచ్చి పూలు తగ్గుతాయి. పప్పుజాతి మొక్క కదా, నేలకు నత్రజని ఇస్తుందని కొందరు చెబుతుంటారు కానీ, నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు ఉండే బుడిపెలు తంగేడు వేళ్లకు ఏర్పడవు.

తంగేడుకు నీళ్లే అక్కర్లేదన్న మాట మొదటి ఏడాదికి వర్తించదు. తొలి వేసవిలో వారానికి ఒకసారి మొదలు బాగా నానేలా పోయాలి. రోజూ చెంబెడు చొప్పున పోస్తే వేరు పైపైనే ఉండిపోతుంది. రెండో వానాకాలం దాటాక హైదరాబాద్‌లో కురిసే వానలే దానికి చాలు. మా దగ్గర మొక్కలు ఆ రెండో వానాకాలంలోనే పూత పట్టాయి. డాబా మీద పెంచేవారు కనీసం అడుగున్నర లోతున్న డ్రమ్ము తీసుకొని, అడుగున రంధ్రాలు చేసి, ఎర్రమట్టిలో మూడో వంతు ఇసుక కలపాలి. డ్రమ్ములో వేరు దిగడానికి చోటుండదు కాబట్టి వేసవి నీళ్లు ఏటా తప్పవు.

పూత కొమ్మల చివర్లలో, కొత్త చిగుళ్ల మీద వస్తుంది. అందుకే కాయలు ఎండిపోయాక, వానలకు ముందు మే నెలలో కొమ్మలను సగానికి కత్తిరించాలి. కత్తిరించని మొక్క ఆరడుగులు దాటి, కింద బోసిపోయి, పూలు చేతికందని ఎత్తులో పూస్తుంది.

పూత మొదలయ్యాక ఉదయం పూట కాసేపు పక్కన నిలబడి చూడండి. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి పూవు మధ్యలోని కేసరాలను కాళ్లతో పట్టుకొని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదిరేలా ఝుమ్మంటుంది. కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల నుంచి పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. ఈ పూలలో తేనె ఉండదు, పుప్పొడి కోసమే అది వస్తుంది. ఆకుల మీద మధ్య ఈనె వెంట పచ్చని గొంగళి పురుగులు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. అవి పాలిపోయిన లేత పచ్చ రంగు సీతాకోకచిలుకల పిల్లలు. ఆకులు కొంత తింటాయి, మొక్క మళ్లీ చిగురిస్తుంది.

2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ప్రకటించినా నగరంలోని చాలా నర్సరీలు మీరన్నట్లు దీన్ని ఉంచవు. ఎక్కడైనా దొరికితే గుప్పెడెత్తు మించని, కవరు అడుగు నుంచి వేరు బయటికి రాని మొక్కను మాత్రమే కొనండి.

బతుకమ్మకు గునుగు కూడా కావాలనుకుంటే అది ఇంకా సులువు. దాని నల్లని మెరిసే గింజలు చాలా చిన్నవి, ఇసుకతో కలిపి జూన్‌లో తంగేడు మొదళ్ల చుట్టూ చల్లితే చాలు, మట్టి కప్పనవసరం లేదు. పండుగ నాటికి తెల్లటి, గులాబీ అంచుల కంకులు వస్తాయి. కొన్ని కంకులు కోయకుండా వదిలితే మరుసటి ఏడు వాటంతట అవే మొలుస్తాయి. ఒత్తుగా మొలిచినవాటిని చిన్నగా ఉన్నప్పుడే పీకేయండి. ఆ లేత ఆకులను పప్పులో వేసి వండుకోవచ్చు.