జవాబు: ఎనిమిదో తరగతి బాబుకు యుద్ధ చరిత్ర నేర్పే గేమ్

అన్నా, మీ వాడు హన్మకొండలో బడి నుంచి రాగానే ఫోన్‌లో కాల్పుల గేమ్ పెడతాడని, చరిత్ర పుస్తకం మాత్రం ముట్టడని రాశారు. ఫోన్ లాక్కోకండి, గేమ్ మార్చండి.

'వేలియంట్ హార్ట్స్' పెట్టి చూడండి. 2014లో వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధం కథ. తుపాకీ పట్టి చంపుకుంటూ పోవడం కాదు, చిక్కులు విప్పుకుంటూ పోవాలి. వెంట ఒక కుక్క కూడా ఉంటుంది, పిల్లలకు అదే ఎక్కువ నచ్చుతుంది! మధ్యమధ్యలో అసలు ఫోటోలతో చిన్న వివరాలు వస్తాయి. మా వాడు అవి చదవకుండా దాటేసేవాడు. పక్కన కూర్చుని తెలుగులో చెబితేనే విన్నాడు. బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర 1915లో క్లోరిన్ గ్యాస్ వదిలిన సంగతి వచ్చినప్పుడు, ఆ యుద్ధానికి మన దేశం నుంచి 10 లక్షల మందికి పైగా సముద్రం దాటి వెళ్లారని చెప్పాను. ఆ రాత్రి ప్రశ్నలతో నన్ను నిద్రపోనివ్వలేదు.

'దిస్ వార్ ఆఫ్ మైన్' మాత్రం ఇప్పుడే వద్దు. 1990లలో బోస్నియా యుద్ధంలో జరిగిన సరయెవో నగర ముట్టడి స్ఫూర్తితో చేసిన మంచి గేమే కానీ పెద్దవాళ్లది.

సెలవు రోజు సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి బురుజు చూపించండి. 1948లో రజాకార్లను ఎదిరించిన ఊరు.