ఎండ తగిలితే నీలంగా మారే పూత ఎలా పనిచేస్తుంది?

టంగ్‌స్టన్ ఆక్సైడ్‌ను పాలిమర్‌లో (ప్లాస్టిక్ లాంటి, పొడవైన అణువుల పదార్థంలో) కలిపి గాజు మీద పూస్తే ఎండకు నీలంగా మారి, నీడలో మళ్ళీ మామూలుగా ఎలా అవుతుంది, ఆ పాలిమర్ దేనికి అని అడిగారు.

రంగు ఇచ్చేది ఆక్సైడే. ఎండలోని అతినీలలోహిత కిరణం దాని రేణువు మీద పడితే ఒక ఎలక్ట్రాన్ తన చోటు వదిలి పైకి లేస్తుంది, వెనక ఒక ఖాళీ మిగులుతుంది. ఆ రెండూ వెంటనే కలిసిపోతే రంగేమీ రాదు. అక్కడే పాలిమర్ అవసరం పడుతుంది: పాలీవినైల్ ఆల్కహాల్ లాంటిది తన ఎలక్ట్రాన్ ఇచ్చి ఆ ఖాళీని పూడుస్తుంది, ప్రోటాన్‌ను కూడా వదులుతుంది, అది రేణువులోకి చేరి, పైకి లేచిన ఎలక్ట్రాన్ టంగ్‌స్టన్ దగ్గరే నిలిచిపోయేలా చేస్తుంది. అలా 6+ స్థితిలో, అంటే ఆరు ఎలక్ట్రాన్లు తక్కువగా ఉన్న టంగ్‌స్టన్ పరమాణువుల్లో కొన్ని ఒక ఎలక్ట్రాన్ చేరి 5+ అవుతాయి. ఆ స్థితిలో పూత ఎరుపు కాంతినీ, కంటికి కనపడని పరారుణాన్నీ పీల్చుకుంటుంది కాబట్టి మనకు నీలం కనిపిస్తుంది. గదిలోకి వచ్చే వేడి కూడా కొంత తగ్గుతుంది, కిటికీ అద్దాలకు దీన్ని వాడాలని చూసేది అందుకే.

వెనక్కి రావడమే కష్టం. గాలిలోని ఆక్సిజన్ లోపలికి చేరి ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటేనే రంగు పోతుంది, పాలిమర్ బిగుతుగా ఉంటే దానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. పైగా రంగు మారిన ప్రతిసారీ పాలిమర్ కొంచెం కొంచెం పాడవుతుంది, నాకైతే దీని అసలు సమస్య అదే అనిపిస్తుంది.

అన్నట్టు, ఎండకు నల్లబడే ప్లాస్టిక్ కళ్ళద్దాల్లో సాధారణంగా ఉండేది ఇది కాదు, సేంద్రియ రంగులు.