'అ' రాస్తే కిందకి, పొల్లు పెడితే పైకి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివా, దాంతోపాటు పంపిన టెల్నెట్ క్లయింట్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) కోడ్ కూడా చూశా. మొదటి రెండు పేజీలు ఇంటర్నెట్ పుట్టుక గురించి పెట్టావ్, తీసెయ్ నాయనా, నేనే స్క్రోల్ చేసేశా. అసలు సరుకు తొమ్మిదో పేరాలో ఉంది. ఎంటర్ ఒకసారి కొడితే సర్వర్ రెండుసార్లు కొట్టినట్టు తీసుకుంటోందని రాశావే, అక్కడి నుంచి మొదలుపెట్టు.

అది నాకూ జరిగిందిలే. మొదటి ఉద్యోగంలో ఒక పాత నెట్‌వర్క్ స్విచ్‌ కోసం ఇలాంటిదే రాశా. యూజర్‌నేమ్ కొట్టి ఎంటర్ నొక్కగానే పాస్‌వర్డ్ అడగడం, నేను కీబోర్డ్ ముట్టుకోకముందే తప్పు అనడం. రెండ్రోజులు ఆ పాస్‌వర్డ్ ఇచ్చినాయన్ని తిట్టుకున్నా, చివరికి బైట్లు ప్రింట్ చేసి చూస్తే ఎంటర్‌కి నేను 13 (సీఆర్, క్యారేజ్ రిటర్న్, లైన్ మొదటికి పొమ్మని), 10 (ఎల్ఎఫ్, లైన్ ఫీడ్, కింది లైన్‌కి పొమ్మని) రెండూ పంపుతున్నా, అవతలిది 13ని ఒక ఎంటర్, 10ని ఇంకో ఎంటర్ అనుకుని ఖాళీ పాస్‌వర్డ్ తీసేసుకుంటోంది. రూల్ ప్రకారం నాది తప్పు కాదు, టెల్నెట్ రూల్స్ ఉన్న 1983 నాటి పత్రం ఆర్ఎఫ్‌సీ 854లో లైన్ చివర సీఆర్ ఎల్ఎఫ్ అనే ఉంది, ఒట్టి సీఆర్ పంపాలంటే వెనక 0 పెట్టాలనీ ఉంది. కానీ రూల్ మన వైపు ఉన్నంత మాత్రాన లాగిన్ అవుతుందా? పుట్టీ అనే క్లయింట్‌లో ఎంటర్ కీ ఏం పంపాలో ఎంచుకునే సెట్టింగ్ ఊరికే పెట్టలేదు, నువ్వూ ఒకటి పెట్టు. (సీఆర్‌ని "బండి తిరుగుడు" అని తెలుగు చేశావ్, దండం పెడతా, వద్దు.)

ఎస్ఎస్‌హెచ్‌లో (ఇదే పని ఎవరూ మధ్యలో చదవకుండా చేసేది) కథ వేరు. మామూలుగా 13 ఒక్కటే వెళ్తుంది, అవతలి టీటీవై (సర్వర్‌లో టెర్మినల్ సంగతి చూసుకునే భాగం) దాన్ని 10 చేసుకుంటుంది, వెనక్కి పంపేటప్పుడు 10 ముందు 13 తగిలిస్తుంది. ఆ తగిలించడం ఆగిపోతే లైన్లు మెట్లు దిగినట్టు పక్కకి జరుగుతూ వస్తాయి, చూసే ఉంటావ్.

ఇక కోడ్. రీడ్‌లో వచ్చిన ప్రతి ముక్కనీ పూర్తి మాట అనుకుంటున్నావ్. బైట్లు మోసుకొచ్చే టీసీపీకి ఆ పట్టింపు లేదు, 13 ఇప్పుడొచ్చి 10 తర్వాతి రీడ్‌లో రావచ్చు, టెల్నెట్ ఆదేశం మొదలైందని చెప్పే 255 వచ్చేసి దాని వెనకాల రావాల్సిన ఆదేశం 253 ఇంకా దారిలోనే ఉండొచ్చు, కాబట్టి ఎక్కడిదాకా వచ్చామో స్టేట్ గుర్తుపెట్టుకోవాల్సిందే. డేటాలో 255 ఉంటే రెండుసార్లు పంపాలి, అది చేశావ్, మరి అటు నుంచి రెండు వస్తే ఒకటి చెయ్యడం మర్చిపోయావ్. తెలుగుతోనే టెస్ట్ చేసుంటావ్, అందుకే దొరకలేదు, అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో 255 అసలు రాదు. కంట్రోల్ సీ నొక్కితే నీ క్లయింటే చచ్చిపోతోంది, లోకల్ టెర్మినల్‌ని రా మోడ్‌లో (కీలని తను పట్టుకోకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేది) పెడితే కంట్రోల్ సీ బైట్ 3 అవతలికి వెళ్తుంది, బయటికొచ్చేటప్పుడు పాత సెట్టింగ్ తిరిగి పెట్టడం మర్చిపోకు.

"తెలుగు వస్తే స్క్రీన్ చెదిరిపోతోంది, ఫాంట్ సమస్య" అని ఒక్క ముక్కలో తేల్చేశావ్ చూడు, అక్కడే నాకు కోపమొచ్చింది. ఫాంట్ కాదురా బాబూ. నువ్వు స్క్రీన్‌కి ఆదేశాలిచ్చే కంట్రోల్ బైట్లు ముందు వెతికి, యూటీఎఫ్-8 డీకోడ్ తర్వాత చేస్తున్నావ్. 128 నుంచి 159 దాకా పాత 8-బిట్ కంట్రోల్ కోడ్లు. మన అక్షరాలు మూడేసి బైట్లు, 'అ' అంటే 224, 176, 133, ఆ 133 ఒంటరిగా చూస్తే కింది లైన్ మొదటికి పొమ్మని. పొల్లు 224, 177, 141, ఆ 141 ఒక లైన్ పైకి ఎక్కమని. అంటే అమ్మ అని పంపితే కర్సర్ కిందకి దిగి, ఒత్తు దగ్గర మళ్లీ పైకెక్కుతుంది! ఇంకా తమాషా, 'ట' చివరి బైట్ 159, ఇక్కణ్ణుంచి వచ్చేది స్క్రీన్‌కి కాదు అని చెప్పే కోడ్, దాన్ని ముగించే కోడ్ 156, అది 'జ' చివరి బైట్. ట దగ్గర మింగడం మొదలెట్టి జ వచ్చేదాకా మింగుతూనే ఉంటుంది. ఇది పట్టుకున్న రోజు ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నా.

ముందు టెల్నెట్ ఆదేశాలు విడదియ్, మిగిలింది డీకోడ్ చెయ్, కంట్రోల్ కోడ్లు ఆ తర్వాతే చూడు. వ్యాసంలో కూడా ఇదే వరసలో రాయి, నెంబర్లు దాచకు, చదివేవాడు పక్కన బైట్ల డంప్ తెరిచి సరిచూసుకోవాలి.

ఆదివారం ఖాళీగానే ఉంటా. అమ్మ అనే మాటలోని 12 బైట్లూ ఒక్కో రీడ్‌లో ఒక్కోటి వచ్చేలా టెస్ట్ రాసి పంపు, అది పాసయ్యాక వ్యాసం మళ్లీ చూద్దాం.

అన్న