బహుమతి పెద్దదా చిన్నదా అని మెదడు ఎలా తేల్చుకుంటుంది?

మంచి మొత్తమే చేతికొచ్చినా, అనుకున్నదానికంటే తక్కువైతే మనసెందుకు ఉసూరుమంటుందని అడిగారు. మెదడు బహుమతిని రాళ్ళు వేసి తూచదు. ఎదురుచూసినదానికీ అందినదానికీ మధ్య తేడా చూస్తుంది.

మెదడు శాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. కోతి నోట్లో అనుకోకుండా ఓ చుక్క పళ్ళరసం పడితే, నడిమెదడులోని డోపమైన్ కణాలు (డోపమైన్ అనే రసాయనంతో సంకేతాలు పంపే నాడీకణాలు) ఒక్కసారిగా చురుకవుతాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక దీపం వెలిగిస్తే, అలవాటయ్యాక ఆ స్పందన దీపం వెలగగానే వస్తుంది. రసం అందినప్పుడు మాత్రం కణాల్లో పెద్ద మార్పుండదు. మరి దీపం వెలిగి రసం రాకపోతే? సరిగ్గా రసం పడాల్సిన క్షణంలో వాటి సంకేతాలు తగ్గిపోతాయి. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే. ఏమీ జరగకపోవడాన్ని కూడా మెదడు టైమ్‌తో సహా లెక్కపెడుతోంది!

ఇక కొలబద్ద కూడా స్థిరంగా ఉండదు. ఒక కణం సెకనుకు పంపగల సంకేతాలకు హద్దుంది. చుక్క రసాన్నీ గ్లాసుడు రసాన్నీ ఒకే స్కేలు మీద పెడితే చిన్న తేడాలు తెలియవు. అందుకే ఆ సందర్భంలో రాగల కనిష్ఠం, గరిష్ఠం మధ్యకు కణాలు తమ స్కేలును సర్దుకుంటాయి. నుదుటి వెనుక, కళ్ళకు పైనున్న భాగంలోని కణాలదీ ఇదే తీరు.

1942లో మనస్తత్వ శాస్త్రవేత్త క్రెస్పీ ఎలుకల్లో ఇలా పోల్చి చూసుకోవడం ప్రభావాన్ని గమనించాడు. పెద్ద మేతకు అలవాటుపడిన ఎలుకలకు మేత తగ్గిస్తే, మొదటినుంచీ ఆ కొద్దిపాటి మేతే తింటున్న ఎలుకలకంటే అవి మేత వైపు నెమ్మదిగా పరిగెత్తాయి. మీ ఉసూరు కూడా అలాంటిదే.