పుట్టి కాస్తా పుటి అయితే తప్పు స్టైల్‌షీట్‌ది కాదు

ప్రశ్న: "నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో మా బాబాయి వాళ్ల బియ్యం కొట్టుకు పైసైడ్6తో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాశాను. నా లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఉంది. కొట్టు కంప్యూటర్‌లో పెడితే తెలుగు అక్షరాలు కింద తెగుతున్నాయి, సేవ్ బటన్ కనపడటం లేదు, కొన్ని విండోలు మాయమవుతున్నాయి, కొన్ని చోట్ల నేనిచ్చిన రంగులే రావట్లేదు. క్యూటీ స్టైల్‌షీట్లు బాగా నేర్పే కోర్సు ఏదన్నా చెప్తారా?"

కోర్సు వద్దండీ, డబ్బులు దండగ. (కొత్తవాళ్లకు: క్యూటీ అంటే విండోలు, బటన్లు గీసే సామాను, పైసైడ్6 దాన్ని పైథాన్ నుంచి వాడే దారి, స్టైల్‌షీట్ అంటే వాటి రంగులు, అంచులు రాసుకునే చీటీ.) మీరు చెప్పిన నాలుగింట్లో స్టైల్‌షీట్‌కి సంబంధించింది ఆఖరిది ఒక్కటే. మిగతా మూడూ మీ లాప్‌టాప్‌ను చూసి మీరు రాసేసిన అంకెల వల్ల, పేరెంట్ (ఇది ఏ విండోకి చెందిందో చెప్పే మాట) ఇవ్వకుండా తెరిచిన విండోల వల్ల వచ్చినవి. డెస్క్‌టాప్ ప్రోగ్రామింగ్‌లో నూటికి తొంభై గొడవలు ఇవే అని నా గట్టి నమ్మకం. రంగుల మీద వారం కూర్చునేవాళ్లు సైజుల మీద గంట కూడా కూర్చోరు.

ముందు అక్షరాలు తెగడం. ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ, ఇంగ్లీషు ట్యుటోరియల్స్‌లో వెతికినా దొరకదు. ఇంగ్లీషు అక్షరం గీత కిందికి కాస్తే దిగుతుంది. మన ఒత్తులు పూర్తిగా కిందే ఉంటాయి. గ్రిడ్‌లో వరస ఎత్తు నాలుగు పిక్సెళ్లు తగ్గితే "పుట్టి" కింద ఒత్తు తెగి "పుటి" అని కనపడుతుంది. "నెల్లూరు" వెళ్లి "నెలూరు" అవుతుంది. 850 కిలోల పుట్టి లెక్కన ధాన్యం కొనే కొట్టులో ఆ కాలమ్ తలకాయే తప్పుగా కనపడితే ప్రోగ్రామ్ మీద నమ్మకం ఎట్ట కుదురుతుంది? ఇంకో తమాషా చూడండి. "ఒంగోలు"లో ఒత్తే లేదు. ఒంగోలు కుర్రాడు తన ఊరి పేరు కొట్టి చూసి అంతా బాగుందనుకుంటాడు, అదే ప్రోగ్రామ్ చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుకి వెళ్లేసరికి "ర్తి" తెగుతుంది. అందుకని టెస్టు చేసేటప్పుడు ఊరి పేరు కాదు, "రాష్ట్రం", "లక్ష్మి", "స్త్రీ" లాంటివి కొట్టి చూడండి. రెండేసి ఒత్తులు ఉన్న మాట పట్టిందంటే మిగతావన్నీ పడతాయి.

ఎందుకు తెగుతుందంటే, లెక్క ఇది. మీరు లైన్ఎడిట్‌కి (అక్షరాలు కొట్టే గడికి) సెట్‌ఫిక్స్‌డ్‌హైట్ 24 ఇచ్చి ఉంటారు. స్టైల్‌షీట్‌లో అందంగా ఉంటుందని ప్యాడింగ్ (అంచుకీ అక్షరానికీ మధ్య ఖాళీ) 6 పిక్సెళ్లు, బోర్డర్ 1 పిక్సెల్ పెట్టుంటారు. పైనా కిందా కలిపి 14 పోయాయి. అక్షరానికి మిగిలింది 10. 11 పాయింట్ల ఫాంటు 96 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర దాదాపు 15 పిక్సెళ్లు, అది కూడా అక్షరం సైజే, లైను ఎత్తు అంతకన్నా ఎక్కువ. ఇంక ఒత్తుకు చోటేదీ? ఫిక్స్‌డ్‌హైట్ తీసి పారేయండి. ఎత్తు చెప్పక తప్పదనుకుంటే ఆ విడ్జెట్ (విండోలోని గడి, బటన్ లాంటి భాగం) ఫాంట్‌మెట్రిక్స్‌ని, అంటే ఫాంటు కొలతలు చెప్పేదాన్ని, అడిగి, వచ్చిన ఎత్తుకి ప్యాడింగ్, బోర్డర్ కలిపి మినిమమ్‌హైట్‌గా ఇవ్వండి. టేబుల్‌లో అయితే వర్టికల్‌హెడర్ దగ్గర సెట్‌డిఫాల్ట్‌సెక్షన్‌సైజ్‌కి అదే ఎత్తు ప్లస్ 8 ఇస్తే సరిపోతుంది.

దీనిలోనే ఇంకో మెలిక. విండోస్‌లో మామూలుగా వచ్చే సెగో యూఐ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు. తెలుగు కనపడగానే సిస్టమ్ వెనకనుంచి నిర్మలా యూఐ తెచ్చి గీస్తుంది. కానీ మీరు ఫాంట్‌మెట్రిక్స్‌ని అడిగితే అది సెగో కొలతలే చెప్తుంది. డబ్బా సెగోది, అక్షరం నిర్మలాది. అందుకే అప్లికేషన్ మొదలవగానే ఫాంటు పేరు పెట్టి "నిర్మలా యూఐ" అని చెప్పండి, అప్పుడు డబ్బా కొలతా దానిదే వస్తుంది. నిర్మలా విండోస్ 8 నుంచి ఉంది. గౌతమి, వాణి ఫాంట్ల మీద ఆధారపడొద్దు, విండోస్ 10లో అవి వేరే ఆప్షనల్ ఫీచర్‌లోకి వెళ్లిపోయాయి, కొట్టు కంప్యూటర్‌లో ఉంటాయన్న నమ్మకం లేదు. ఏ గొడవా వద్దనుకుంటే నోటో శాన్స్ తెలుగు ఫైలు ప్రోగ్రామ్‌తో పాటే పెట్టి, ఆడ్‌అప్లికేషన్‌ఫాంట్‌తో ఎక్కించండి.

సేవ్ బటన్ సంగతి. మీ లాప్‌టాప్ 1920×1080, స్కేలింగ్ (విండోస్ అన్నిటినీ పెద్దవి చేసి చూపే శాతం) 125 అనుకుంటే, క్యూటీ 6 లెక్కలో మీ తెర 1536×864. విండోస్ 11 టాస్క్‌బార్ 48 పోతే 816. మీరు 760 ఎత్తు ఫారం గీస్తే హాయిగా పట్టింది. కొట్టులో ఉండేది 1366×768 మానిటర్, స్కేలింగ్ 100 శాతం. విండోస్ 10 టాస్క్‌బార్ 40 పోతే 728, టైటిల్ బార్ కూడా తీసేస్తే 700కి అటూఇటూ. ఫారం అడుగున ఉన్న సేవ్ బటన్ టాస్క్‌బార్ కిందికి పోయింది, అంతే. బగ్గు లేదు, పాడూ లేదు. మధ్యలో ఉన్న ఫీల్డులన్నీ ఒక స్క్రోల్‌ఏరియాలో వెయ్యండి, దానికి సెట్‌విడ్జెట్‌రీసైజబుల్ ట్రూ ఇవ్వడం మర్చిపోవద్దు, ఇవ్వకపోతే లోపలిది సాగదు. సేవ్, ప్రింట్ బటన్లు స్క్రోల్‌ఏరియా బయట, కింద వరసలో. విండో తెరిచేముందు ఆ స్క్రీన్ అవైలబుల్‌జామెట్రీ (టాస్క్‌బార్ పోను మిగిలే చోటు) అడిగి, దాన్ని మించకుండా రీసైజ్ చెయ్యండి.

క్యూటీ 5 అయితే ఇంకో తలనొప్పి. హైడీపీఐ స్కేలింగ్ మనమే ఆన్ చెయ్యాలి, అదీ క్యూఅప్లికేషన్ పుట్టకముందే. ఆన్ చేసినా 125 శాతాన్ని 1కి, 150ని 2కి గుండుగుత్తగా మార్చేస్తుంది. 5.14 నుంచి ఆ రౌండింగ్ పద్ధతిని పాస్‌త్రూకి (ఉన్న శాతాన్ని అలాగే వాడే పద్ధతికి) మార్చుకోవచ్చు. క్యూటీ 6లో స్కేలింగ్ ఎప్పుడూ ఆనే, పాస్‌త్రూనే.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. తెలుగులో వచ్చే క్యూటీ వీడియోలు తెరిస్తే చాలాచోట్ల సెట్‌జామెట్రీ 40, 60, 200, 30 అంటూ, చోటూ సైజూ అంకెల్లో కట్టేస్తూ మొదలవుతుంది. ఇంజినీరింగ్ పిల్లలకు ప్రాజెక్టులు అమ్మే సెంటర్లలోనూ ఇదే. డిజైనర్‌లో లాగి పడేయడం, లేఅవుట్ (విండో సైజుని బట్టి లోపలివి సర్దే పద్ధతి) అనే మాటే లేకపోవడం. మెయిన్‌విండో మీద కుడి క్లిక్ కొట్టి లే అవుట్ ఎంచుకోవడానికి పది సెకన్లు పట్టదు. విండో అంచు పట్టుకుని లాగండి. లోపలివి కదలకపోతే ఆ ప్రోగ్రామ్ ఇంకా కాలేదని అర్థం.

విండోలు మాయమయ్యేది ఒక కారణంతో కాదు. మీకు ఏది జరుగుతోందో రాయలేదు కాబట్టి మూడూ చెప్తాను.

రెప్పపాటు కనపడి పోతే అది పైథాన్ పని. ఫంక్షన్ లోపల "విండో = బిల్‌విండో()" అని రాసి షో పిలిస్తే, ఫంక్షన్ అయిపోగానే ఆ పేరు పోతుంది, దాన్ని పట్టుకున్నవాళ్లు ఎవరూ లేక విండో కూడా పోతుంది. "సెల్ఫ్.విండో" అని దాచుకోండి, నిలబడుతుంది.

టాస్క్‌బార్‌లో ఉండి తెర మీద లేకపోతే అది తెర బయట ఉంది. రెండో మానిటర్ మీద మూసినప్పుడు ఎక్స్, వై దాచుకుని, ఆ మానిటర్ పీకేశాక మళ్లీ అక్కడే తెరిస్తే ఇట్టే అవుతుంది. విండోస్ ఇంకో చిత్రం చేస్తుంది, మినిమైజ్ చేసిన విండోని మైనస్ 32000, మైనస్ 32000 దగ్గర పెడుతుంది. విన్‌ఫార్మ్స్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోల సామాను) వాడేవాళ్లు లొకేషన్ విలువను అప్పుడు సేవ్ చేస్తే ఆ అంకే ఫైల్లోకి పోతుంది, వాళ్లు రీస్టోర్‌బౌండ్స్ వాడాలి. మీరైతే మూవ్‌తో చేతిపనులు మానేసి సేవ్‌జామెట్రీ, రీస్టోర్‌జామెట్రీ వాడండి, తెర బయట ఉంటే క్యూటీయే లోపలికి లాక్కొస్తుంది. అప్పటిదాకా ఫోన్లో బాబాయికి చెప్పాల్సింది: టాస్క్‌బార్‌లో ఆ విండోని నొక్కి, ఆల్ట్ స్పేస్, తర్వాత ఎమ్, తర్వాత బాణం గుర్తు ఒకసారి, ఇక మౌస్ కదిపితే విండో దానికి అతుక్కుని వస్తుంది.

మూడోది అన్నిటికంటే పెంట. కౌంటర్ దగ్గర సాయంత్రం రద్దీ. గుమస్తా నలభై బస్తాల బిల్లు కొట్టి సేవ్ నొక్కాడు. ఏమీ కాలా. మళ్లీ నొక్కాడు, టంగుమని శబ్దం. ఫీల్డులో క్లిక్ చేస్తే కర్సర్ రాదు. మూసే గుర్తు నొక్కినా మూసుకోదు. అవతల లారీవాడు హారన్ కొడుతున్నాడు. "ఏందయ్యా, నొక్కితే కదల్లా!" అని ఓనర్ అరుపు. చివరికి పవర్ బటన్ పట్టుకుని ఆర్పేస్తారు, బిల్లు పోతుంది. అసలు జరిగిందేంటంటే, పెద్ద విండో వెనకాల "స్టాకు సరిపోదు, ఓకే?" అని ఒక చిన్న మెసేజ్‌బాక్స్ జవాబు కోసం కూర్చుని ఉంది. ఆల్ట్ ట్యాబ్ నొక్కితే బయటపడేది. ఆ శబ్దమే గుర్తు. హ్యాంగ్ అయిన ప్రోగ్రామ్ మామూలుగా టంగుమనదు, మోడల్ విండో (జవాబిచ్చేదాకా మిగతావాటిని ఆపే విండో) అడ్డుపడ్డప్పుడు అంటుంది.

కారణం మెసేజ్‌బాక్స్‌కి పేరెంట్‌గా నన్ (పైథాన్‌లో "ఏమీ లేదు" అని) ఇవ్వడం. పేరెంట్ లేని విండోకి ఏ విండో మీద ఉండాలో విండోస్‌కి తెలీదు, మెయిన్‌విండోకి స్టేస్‌ఆన్‌టాప్ (ఎప్పుడూ అన్నిటి పైనే ఉండమనే ఫ్లాగు) కూడా పెట్టుంటే ఇంక చెప్పనక్కర్లా. మొదటి ఆర్గ్యుమెంట్‌గా సెల్ఫ్ ఇవ్వండి. మన జిల్లాల్లో విన్‌ఫార్మ్స్‌తో నడిచే పాత కాటా ప్రోగ్రాములకూ ఇదే మందు, షోడైలాగ్ ఖాళీగా కాకుండా షోడైలాగ్(దిస్) అనాలి. డబ్ల్యూపీఎఫ్‌లో (అదీ మైక్రోసాఫ్ట్‌దే) ఓనర్ = దిస్. టీకింటర్‌లో (పైథాన్‌తో వచ్చే విండోల సామాను) ట్రాన్సియెంట్, గ్రాబ్‌సెట్ రెండూ. కోడ్‌లో మెసేజ్‌బాక్స్ అని వెతికి ఒక్కొక్కటీ చూడండి, ఒకటి వదిలినా అదే రద్దీ వేళకి బయటికొస్తుంది.

స్టేస్‌ఆన్‌టాప్ మాట వచ్చింది కాబట్టి: ప్రోగ్రామ్ నడుస్తుండగా సెట్‌విండోఫ్లాగ్స్ పిలిస్తే విండో దాక్కుంటుంది, మళ్లీ షో పిలవాలి. పైగా అది పాత ఫ్లాగులన్నీ తుడిచేస్తుంది. ఒక్కదాన్నే మార్చాలంటే ఏకవచనంలో సెట్‌విండోఫ్లాగ్ వాడండి. అసలు ఆ ఫ్లాగు మీకెందుకు, తీసెయ్యండి.

బార్‌కోడ్ స్కానర్ పెట్టే కిరాణా కొట్లవాళ్లు కూడా ఇది చదువుతుంటారు, వాళ్లకో ముక్క. స్కాన్ చెయ్యగానే డైలాగ్ దానంతట అదే మూసుకుంటోందంటే స్కానర్ చివర్లో ఎంటర్ కొడుతోంది, క్యూడైలాగ్‌లోని బటన్లన్నిటికీ ఆటోడిఫాల్ట్ ఆన్‌లో ఉంటుంది, ఎంటర్ వెళ్లి మొదటి బటన్‌కి తగులుతుంది. బటన్లకు సెట్‌ఆటోడిఫాల్ట్ ఫాల్స్.

ఇక మీరు అడిగిన రంగులు. క్యూవిడ్జెట్ నుంచి మీరు తయారుచేసుకున్న క్లాసుకి బ్యాక్‌గ్రౌండ్ పడకపోతే డబ్ల్యూఏ స్టైల్డ్‌బ్యాక్‌గ్రౌండ్ అనే ఆట్రిబ్యూట్ ట్రూ చెయ్యండి. పుష్‌బటన్‌కి రంగు రాకపోతే బోర్డర్ కూడా ఇవ్వండి, బోర్డర్ ఇవ్వనంతవరకూ విండోస్ సొంత బటనే పైన గీస్తుంది. కాంబోబాక్స్‌లో ఒక్క బాణం మారుద్దామని ముట్టుకుంటే మిగతా భాగాలన్నీ మీరే రాసుకోవాలి, అంచేత ముట్టుకోకపోవడమే మేలు. సెలెక్టర్ (ఏ విడ్జెట్‌కో చెప్పే పేరు) లేకుండా ఫారం మీద "బ్యాక్‌గ్రౌండ్: పసుపు" అని రాస్తే లోపలి పిల్లలందరికీ, చివరికి మెసేజ్‌బాక్సులకీ పసుపు పూస్తుంది. ఆబ్జెక్ట్‌నేమ్ ఇచ్చి హ్యాష్ గుర్తుతో రాయండి. బాకీ ఉన్న ఖాతాని ఎరుపు చెయ్యడానికి ప్రాపర్టీ పెట్టి, రంగు మారలేదని చాలామంది కొట్టుకుంటారు. ప్రాపర్టీ మార్చాక స్టైల్‌తో ఆ విడ్జెట్‌ని ఒకసారి అన్‌పాలిష్, వెంటనే పాలిష్ చేస్తే మారుతుంది.

తెల్ల గడిలో తెల్ల అక్షరాలు వస్తున్నాయంటే ఆ కంప్యూటర్ డార్క్ మోడ్‌లో ఉంది. మీరు బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే రాసి అక్షరం రంగు రాయలేదు. ఒకటి రాస్తే రెండోదీ రాయాలి. విండోస్ 11 మీద క్యూటీ 6.7 నుంచి డిఫాల్ట్ స్టైలే మారింది కాబట్టి, అన్నిచోట్లా ఒకేలా ఉండాలంటే మొదట్లోనే సెట్‌స్టైల్ ఫ్యూజన్ (క్యూటీతోనే వచ్చే స్టైల్) పెట్టుకోండి. చూడ్డానికి సాదాగా ఉంటుంది, బిల్లు కొట్టేవాడికి అది చాలు. గ్రేడియంట్లు అడిగే ఓనర్లకు ఒకసారి మధ్యాహ్నం ఎండలో షట్టరు తెరిచి ఉన్నప్పుడు ఆ తెర చూపించండి, వాళ్లే వద్దంటారు.

కొట్టులో విండోస్ 7 ఉందేమో కూడా కనుక్కోండి. క్యూటీ 6కి విండోస్ 10 ఉండాల్సిందే. 7 మీద అయితే క్యూటీ 5.15, పైథాన్ 3.8 దగ్గరే ఆగిపోవాలి.

ఈఎక్స్ఈ చేశాకే స్టైల్ మొత్తం పోతే మాత్రం మీ స్టైల్‌షీట్ ఫైలు, ఫాంటు ఫైలు లోపలికి వెళ్లలేదు, లేదా వెళ్లినా దారి తప్పాయి. పైఇన్‌స్టాలర్‌కి (పైథాన్ ప్రోగ్రామ్‌ని ఈఎక్స్ఈగా కట్టేదానికి) ఆడ్‌డేటాతో రెండూ చెప్పాలి. వన్‌ఫైల్ పద్ధతిలో అవి ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకుంటాయి, దాని దారి సిస్ మాడ్యూల్‌లో అండర్‌స్కోర్ మీపాస్ అనే పేరుతో ఉంటుంది. ఉత్త ఫైలు పేరు రాస్తే డెస్క్‌టాప్ షార్ట్‌కట్ ఎక్కడ మొదలైతే అక్కడ వెతుకుతుంది, దొరకదు, క్యూటీ నోరు మెదపదు. ఆడ్‌అప్లికేషన్‌ఫాంట్ మాత్రం ఫాంటు ఎక్కకపోతే మైనస్ 1 ఇస్తుంది. దాన్ని పట్టుకుని లాగ్ ఫైల్లో ఒక లైను రాయించండి, బాబాయి ఫోన్ చేసినప్పుడు ముందు ఆ లైను చదవమనండి.