రేడియేటర్ కొత్తదే... థర్మోస్టాట్ పీకేయాలా?

ప్రశ్న: మా పెట్రోల్ కారుకు తొమ్మిదేళ్లు. రేడియేటర్ పైనున్న నల్ల ప్లాస్టిక్ ట్యాంకు అంచున చీలింది. మెకానిక్ పుట్టీ పూస్తే రెండు నెలలకే మళ్లీ కారింది. ఇప్పుడు రేడియేటర్ మార్చి, ‘థర్మోస్టాట్ కూడా పీకేద్దాం, ఇంజన్ చల్లగా ఉంటుంది’ అంటున్నాడు. కూలెంట్ బదులు బోరు నీళ్లు చాలంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

జవాబు: రేడియేటర్‌ మార్చమనండి. మిగతా రెండిటికీ ఒప్పుకోవద్దు.

ఆ ట్యాంకు నైలాన్‌ది. ఏళ్ల తరబడి కాగి చల్లారి పెళుసుబారుతుంది. లోపల దాదాపు 1 బార్ ప్రెషర్ ఉంటుంది కాబట్టి పైపూత నిలవదు.

థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది. పాతదాన్ని అనుమానిస్తే గిన్నెడు నీళ్లలో దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి కాచండి. దాని మీద 82 అని ఉంటే సుమారు ఆ వేడికే నోరు తెరవడం మొదలెట్టాలి. ఎలాగూ అంతా విప్పుతున్నారు కనుక గ్యాస్కెట్‌తో సహా కొత్తది వేయించడమే మేలు. ప్రెషర్ క్యాప్, పైహోస్, కిందిహోస్, క్లాంపులు కూడా అప్పుడే మార్చండి. పాత క్యాప్ స్ప్రింగ్ బిగుసుకుపోయి ప్రెషర్ వదలకపోతే కొత్త ట్యాంకూ చీలుతుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర కారిన మరక కనిపిస్తే పంపు పని కూడా పడినట్టే.

పని మొదలెట్టేముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి మీద క్యాప్ తిప్పితే ఆవిరి మొహాన కొడుతుంది. కొన్ని కార్లలో కీ తీసేశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది, అందుకే బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. పాత కూలెంట్‌ను టబ్బులోకి పట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. అతుక్కుపోయిన హోస్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా బ్లేడుతో కోసేయండి. రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌ను బోల్టులు విప్పి పక్కకు కట్టాలే తప్ప పైపులు తీయకూడదు, గ్యాస్ పోతుంది. కొత్త రేడియేటర్ దింపేటప్పుడు దాని రెక్కలకు అట్టముక్క అడ్డం పెట్టండి. కింది రబ్బరు బుష్‌లు జారిపడిపోకుండా చూసుకోండి.

ఇక బోరు నీళ్లు. మీ ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగార కడుతుంటే, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే కడుతుంది. తుప్పు ఆపే మందు లేక అల్యూమినియం కూడా తినేస్తుంది. కూలెంట్ కాన్సంట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంట్), డిస్టిల్డ్ వాటర్ సగం సగం వాడండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటొకటుంది. సిస్టంను నీళ్లతో కడిగాక ఇంజన్ బ్లాకులో కొంత నీరు మిగిలే ఉంటుంది. దానిమీద సగం సగం కలిపింది పోస్తే కూలెంట్ పలచబడిపోతుంది. అందుకని మొత్తం 4 లీటర్లు పట్టే బండికి ముందు 2 లీటర్ల కాన్సంట్రేట్ పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. ముందే కలిపిన రెడీమేడ్ కూలెంటైతే లోపలి నీరంతా దించాకే పోయాలి.

నింపేటప్పుడు బండి ముందుభాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ ఫుల్ వేడిలో ఉంచండి. ఐడిల్‌లో పైహోస్‌ను మెల్లగా నొక్కుతుంటే బుడగలొస్తాయి. క్యాప్ బిగించాక ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా నడవనివ్వండి. హీటర్‌లోంచి చల్లగాలి వస్తోందంటే లోపల ఇంకా గాలి చిక్కుకుని ఉందన్నమాట. మర్నాడు పొద్దున బండి తీయకముందే రిజర్వాయర్ (కూలెంట్ డబ్బా) మట్టం చూసి, తగ్గినంత కలపండి.

ప్రశ్న: ఆకుపచ్చ కూలెంట్‌లో ఎర్రది కలపొచ్చా?

జవాబు: రంగును నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో రంగు. మాన్యువల్లో చెప్పిన రకమే పోయండి. కొన్ని రకాలు కలిస్తే జెల్లీలా గడ్డకడతాయి.