వాడిన వార్విక్ కొనేముందు

జర్మనీ కంపెనీ వార్విక్ వారి వాడిన బేస్ గిటార్ (లావు తీగల గిటార్) కొనొచ్చా అని ఫొటో పెట్టి అడిగారు కదా. ఆ ఫొటోలో హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే పై కొన) మీద 'రాక్‌బేస్' అని ఉంది, అది వార్విక్ వారి చవక శ్రేణి. అంటే ఆ కొర్వెట్ (వార్విక్ మోడల్ పేరు) చైనాలో తయారైనది. అమ్మేవారు జర్మనీది అంటున్నా, మార్క్‌న్యూకిర్షెన్‌లో (జర్మనీలో వార్విక్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు) చేసినదాని ధర ఇవ్వకండి. రాక్‌బేస్ మంచి వాయిద్యమే, నేర్చుకునేవారికి చక్కగా సరిపోతుంది; ధర కూడా దానికి తగ్గట్టు ఉండాలి.

అసలు చూడాల్సింది నెక్, అంటే తీగల కింద ఉండే పొడవాటి పిడి. శ్రుతి చేశాక అన్నిటికంటే లావు తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టండి. 7వ ఫ్రెట్‌కీ తీగకీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందుంటే బాగున్నట్టే. 1 మిల్లీమీటర్ దాటితే ట్రస్ రాడ్‌ను (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) మీ ముందే పావు చుట్టు బిగించమనండి. అది అప్పటికే చివరిదాకా బిగిసిపోయి ఉంటే వదిలేయండి, మరమ్మతు ఖర్చు బేరాన్ని మింగేస్తుంది.

శబ్దం పగిలినట్టు వస్తే మాత్రం భయపడకండి, ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చి వినండి. వాయించనప్పుడు కూడా కేబుల్ గుచ్చే ఉంచితే యాక్టివ్ ప్రీఆంప్ (గిటార్ లోపలే ఉండి బ్యాటరీతో నడిచే, శబ్దాన్ని పెంచే సర్క్యూట్) దాన్ని ఖాళీ చేసేస్తుంది.